తట్టు తగ్గింది గానీ బాబు రొప్పుతుండు.. దవాఖానకి పోవాల్నా, తొమ్మిది దినాలు ఆగాల్నా?

బోడుప్పల్_బుజ్జమ్మ
మంగళవారం, రాత్రి 9:52

అక్కలూ అన్నలూ ఎవరన్నా మేల్కొని ఉంటే జర చెప్పండి ప్లీజ్. మా బాబుకి ఏడాది మీద రెండు నెలలు. పోయిన సోమవారం నుంచి జ్వరం, ముక్కు కారుడు, కండ్లు ఎర్రగ అయ్యి నీళ్ళు కారుడు, దగ్గు. సర్ది అనుకున్నం. గురువారం పొద్దున లేచేసరికి చెవుల ఎనక, నొసటి మీద సన్నసన్న ఎర్ర పొక్కులు, శుక్రవారానికి పొట్ట వీపు అంతా, శనివారానికి కాళ్ళ దాకా దిగినయ్. మా అత్తమ్మ చూడంగనే తట్టు పోసింది, అమ్మవారు అన్నది. ఇగ అప్పటి నుంచి గుమ్మానికి వేపమండలు, ఇంట్ల తాలింపు బంద్, కూర బంద్, బాబుకి చారన్నం, పెరుగన్నం. తొమ్మిదో దినం వేపాకు నీళ్ళతో తానం పోసేదాక సూది మందు ఏదీ వద్దు, సూది వేస్తే తట్టు లోపలికి దిగుతది అంటది. ఆదివారం జ్వరం తగ్గింది, మేం సంబరపడ్డం. నిన్న సాయంత్రం నుంచి మళ్ళ కాలిపోతుండు, ఇప్పుడు 103 ఉంది. పొక్కులేమో నల్లబడి పొట్టు రాలుతున్నయ్, అంటే తగ్గుతున్నట్టే కదా? కానీ దగ్గు ఎక్కువైంది, పాలు రెండు గుక్కలు తాగి వదిలేసి రొప్పుతుండు. మా ఆయన నైట్ షిఫ్ట్. ఏం చెయ్యాల్నో సమజ్ అయితలేదు

చింతచిగురు
మంగళవారం, రాత్రి 9:58

బుజ్జమ్మా, పొక్కులు మాడిపోతున్న టైంలో జ్వరం తిరిగి వచ్చిందంటే అది తట్టు జ్వరం కాదమ్మా, వేరే ఏదో మొదలైంది. మా పెద్దదానికి అచ్చం ఇలాగే అయ్యింది, మేము కేపీహెచ్‌బీలో ఉండేవాళ్ళం అప్పుడు, మూడేళ్ళ పిల్ల. నెమ్ము (న్యుమోనియా) చేసింది. మామూలుగా ఒళ్ళంతా పొక్కులు వచ్చాక రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోయి ఇంక రాదు. వస్తే మాత్రం కూర్చోకూడదు. ఇంతకీ తొమ్మిదో నెల తట్టు టీకా వేయించావా?

బోడుప్పల్_బుజ్జమ్మ
మంగళవారం, రాత్రి 10:01

లేదక్కా. ఆ నెల సర్దీ ఉండె, ఇంకోసారి పోదాం అనుకున్నం, తర్వాత మా అమ్మ వాళ్ళ ఊరికి పోయినం, రెండు నెలలు అక్కడనే ఉన్నం, ఇగ అట్లనే అయిపోయింది. ఆశా అక్క రెండుసార్లు ఫోన్ చేసింది గూడ

కోరంటి_సిస్టర్
మంగళవారం, రాత్రి 10:04

బిడ్డా నేను రిటైర్డ్ స్టాఫ్ నర్సుని, 31 ఏండ్లు ఇదే పని చేసిన. టీకా సంగతి రేపు మాట్లాడుకుందాం. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. బాబు ఏడుస్తుంటే ఊకోబెట్టు, పాలు తాగేటప్పుడు వద్దు, ఒళ్ళో పండబెట్టి అంగీ పైకి లేపు. ఫోన్‌లో ఒక్క నిమిషం టైమర్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టు. నిండా 60 సెకన్లు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకు, చిన్నపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు, లెక్క తప్పుతది. లెక్కపెట్టేటప్పుడే ఇంకోటి చూడు, ఊపిరి లోపలికి పీల్చినప్పుడు రొమ్ము కింద, డొక్కల దగ్గర గుంట పడుతుందా లేదా. చూసి వెంటనే ఇక్కడ రాయి

బోడుప్పల్_బుజ్జమ్మ
మంగళవారం, రాత్రి 10:11

58 వచ్చింది సిస్టర్. రెండోసారి లెక్కపెడితే 60. డొక్కలు ఎగరేస్తుండు, అవును లోపలికి గుంజుకపోతుంది

కోరంటి_సిస్టర్
మంగళవారం, రాత్రి 10:12

ఏడాది దాటిన పిల్లగాడికి నిమిషానికి 40 దాటితేనే నెమ్ము అని అనుమానపడాలె. నీ కొడుకుది 58. జ్వరానికి కొంచెం పెరుగుతది గానీ డొక్కలు ఎగరేసుడు జ్వరానికి రాదు. ఇప్పుడే బయలుదేరు. ఆటో దొరకకపోతే 108 చెయ్యి. ఆక్సిజన్, పిల్లల వార్డు ఉన్న దవాఖాన ఏది దగ్గరుంటే దానికి. నీలోఫర్ పిల్లల దవాఖానల ఎమర్జెన్సీ రాత్రంతా ఉంటది, దగ్గర్ల ఏమీ లేకపోతే సీదా అక్కడికే పో. పోయినంక మొదటి మాటనే తట్టు అని చెప్పు, దాయకు, పక్క పిల్లలకి అంటకుండా వేరే కూసోబెడతరు. దారిలో పాలు పట్టు, తాగినంత. మీ అత్తమ్మను గూడ తీస్కపో, ఒక్కదానివే పోకు

నాగోలు_నాటుకోడి
మంగళవారం, రాత్రి 10:15

అక్కా నేను నాగోల్‌లనే ఉంటా, కారుంది, పది పదిహేను నిమిషాల్ల వస్తా, లొకేషన్ మెసేజ్ పెట్టు

బోడుప్పల్_బుజ్జమ్మ
మంగళవారం, రాత్రి 10:17

పెట్టిన అన్నా. అత్తమ్మ ఏడుస్తుంది, అమ్మవారికి కోపం వస్తది అని. నేను తీస్కపోతున్నా

పాత_సైకిల్
మంగళవారం, రాత్రి 11:05

ఆ అమ్మాయి పోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా, ముందే రాసి భయపెట్టడం ఎందుకని ఆగాను.

మాది నల్గొండ దగ్గర పల్లె. నాకు ఏడెనిమిదేళ్ళు ఉన్నప్పుడు మా చెల్లికి తట్టు పోసింది, దానికి రెండేళ్ళు నిండలేదు. ఇదే తంతు. పొక్కులన్నీ మాడిపోయినయ్, మా నాయనమ్మ అమ్మవారు చల్లబడ్డది అని చలిమిడి చేసి పెట్టింది, నాకింకా దాని రుచి గుర్తుంది. మర్నాటి నుంచి పిల్ల రొప్పుడు. ముక్కుపుటాలు ఎగరేస్తుంటే నేను చూసి నవ్విన, కుందేలు లెక్క చేస్తుంది అని. నాలుగో రోజు పోయింది. ఊళ్ళో అందరూ ఒకటే మాట, తట్టు సరిగ్గా బయటికి పొయ్యలే, లోపలికి దిగింది అని. ఆ ఏడు మా వాడలోనే ఇంకో ఇద్దరు పిల్లలు అట్లనే పోయిన్రు. లోపలికి దిగడం అంటే ఏందో నాకు నలభై ఏండ్లు వచ్చినంక తెలిసింది, అది నెమ్ము అని.

కాబట్టి ఆ అత్తమ్మను తిట్టకండి ఎవరూ. ఆమె కూడా ఎక్కడో ఇట్లాంటిది చూసే ఉంటది

డౌట్_రాజా
మంగళవారం, రాత్రి 11:20

సానుభూతి ఉంది కానీ ఒక మాట. మా చిన్నప్పుడు అందరికీ తట్టు వచ్చింది, వారంలో తగ్గింది, బతికే ఉన్నాం కదా. సహజంగా వచ్చి పోతే ఇమ్యూనిటీ జీవితాంతం ఉంటుందట. ఈ టీకాలు, సూదులు అంతా కంపెనీల బిజినెస్ అని కూడా అంటున్నారు. వేపాకు, పసుపు చాలు అని నా అభిప్రాయం

చింతచిగురు
మంగళవారం, రాత్రి 11:24

బతికున్నవాళ్ళే కదా రాజాగారూ వచ్చి ఇక్కడ టైప్ చేసేది. పైన పాత సైకిల్ గారి పోస్టు చదివారా అసలు?

డౌట్_రాజా
మంగళవారం, రాత్రి 11:26

చదివాను మేడం. అది పాత రోజులు, తిండి లేని రోజులు అని నా ఉద్దేశం. కోప్పడకండి

ఓపీ_అయిపోయాక
బుధవారం, తెల్లవారుజాము 12:40

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను, పిల్లల డాక్టర్ని, పేరు ఊరు అడక్కండి. సిస్టర్ గారు చెప్పినదానికి నేను కలపాల్సింది ఏమీ లేదు, వంద మార్కులు. రాజాగారి ప్రశ్న మాత్రం రోజూ ఓపీలో వినేదే కాబట్టి పొడుగ్గా రాస్తా, నిద్ర ఎలాగూ పట్టదు.

తట్టు అంటే చర్మం జబ్బు అని అందరి అపోహ. ఒంటి మీద కనిపించే పొక్కులు వైరస్ మీద మన ఒళ్ళు చేసే యుద్ధం తాలూకు మంట. అసలు వైరస్ కాపురం పెట్టేది ముక్కు నుంచి ఊపిరితిత్తుల చివరి దాకా ఉన్న లోపలి పొరలో, రక్షణ కణాల్లో. అందుకే పొక్కుల కంటే మూడు నాలుగు రోజుల ముందే దగ్గు, జలుబు, కళ్ళ కలక మొదలవుతాయి. నోట్లో బుగ్గ లోపల ఉప్పు రవ్వ అంత తెల్ల మచ్చలు కూడా ఆ టైంలోనే వస్తాయి, 1896లో కోప్లిక్ అనే ఆయన వాటిని వర్ణించాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం. పొక్కులు రాకముందే పట్టుకోగలిగిన గుర్తు అదొక్కటే.

ఇక నెమ్ము రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వైరస్ తనే ఊపిరితిత్తిని దెబ్బతీయడం, ఇది పొక్కులు జోరుగా ఉన్నప్పుడే కనిపించొచ్చు. రెండోది ఆ పొర చిరిగిపోయి ఉన్నచోట న్యూమోకోకస్, స్టాఫ్, హిబ్ లాంటి బాక్టీరియా చేరడం. బుజ్జమ్మ గారి బాబుకి జ్వరం తగ్గి మళ్ళీ వచ్చింది అన్నారు చూడండి, నేను చూడకుండా చెప్పకూడదు గానీ ఆ కథ రెండో రకానికి సరిపోతుంది. తట్టు వచ్చిన పిల్లల్లో దాదాపు 20 మందిలో ఒకరికి నెమ్ము చేస్తుంది, తట్టుతో చనిపోయే చిన్నపిల్లల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది ఇదే.

సహజ ఇమ్యూనిటీ గురించి. తట్టు మీద జీవితాంతం రక్షణ వస్తుంది, నిజమే. కానీ దానికి కట్టే అద్దె ఏమిటంటే అప్పటిదాకా మిగతా జబ్బుల మీద ఒళ్ళు సంపాదించుకున్న జ్ఞాపకాన్ని తట్టు తుడిచేస్తుంది. 2019లో వచ్చిన పరిశోధనలో టీకా లేని పిల్లల రక్తం తట్టుకి ముందు, తర్వాత పరీక్షిస్తే వాళ్ళ యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. పలక తుడిచినట్టే. అందుకే తట్టు తగ్గాక నెలల తరబడి, కొందరికి రెండు మూడేళ్ళు, జలుబులూ విరేచనాలూ నెమ్మూ వదలవు. "అప్పటి నుంచి పిల్ల కోలుకోలేదు డాక్టర్" అని తల్లులు అంటుంటారు, అది ఊరికే అనే మాట కాదు.

పాత రోజులు అన్నారు, 2023లోనే ప్రపంచం మొత్తం మీద లక్షా ఏడు వేలకు పైగా తట్టుతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, ఎక్కువమంది అయిదేళ్ళ లోపు పిల్లలే. 2025లో అమెరికాలో, టెక్సాస్‌లో, తిండికీ ఆస్పత్రికీ లోటు లేని చోట ఇద్దరు స్కూలు పిల్లలు పోయారు. ఇద్దరికీ టీకా లేదు

మలక్‌పేట_మాష్టారు
బుధవారం, ఉదయం 6:10

డాక్టర్ గారూ నమస్కారం. పాత సైకిల్ గారు చెప్పిన "లోపలికి దిగడం" గురించి నాకో సందేహం. మా అమ్మ కూడా అదే అనేది, పొక్కులు దట్టంగా పోస్తే పిల్ల బతుకుతుంది, పలచగా పోసి మాయమైతే భయం అని. పూర్తిగా మూఢనమ్మకమేనా, లేక ఏమైనా ఉందా అందులో?

ఓపీ_అయిపోయాక
బుధవారం, ఉదయం 7:02

మాష్టారూ, మంచి ప్రశ్న, నేను పీజీలో ఉన్నప్పుడు మా ప్రొఫెసర్ని ఇదే అడిగాను. చూడటం కరెక్ట్, కారణం చెప్పడం తప్పు. పొక్కులు మన రక్షణ వ్యవస్థ చేసే పని అన్నాను కదా, బాగా నీరసించిన, రోగనిరోధక శక్తి అస్సలు లేని పిల్లలకి ఆ యుద్ధం చేసే శక్తే ఉండదు. పొక్కులు పలచగా వస్తాయి, ఒక్కోసారి అసలు రావు, వైరస్ మాత్రం ఊపిరితిత్తుల్లో రాజ్యమేలుతుంది. మీ అమ్మగారు చూసింది ఆ పిల్లల్నే అయ్యుండొచ్చు. కాబట్టి "పలచగా పోస్తే భయం" నిజమే. కానీ దానికి మందు ఇంకా వేడి చేసి, సూది ఆపి, పొక్కుల్ని బయటికి రప్పించడం కాదు. సూది వేస్తే లోపలికి దిగదు, ఎప్పుడో దిగిపోయి ఉంటుంది, మనం ఆలస్యంగా చూస్తున్నాం అంతే

బోడుప్పల్_బుజ్జమ్మ
బుధవారం, ఉదయం 8:31

అందరికీ దండం. నిన్న రాత్రి నాగోల్ అన్న వచ్చి తీస్కపోయిండు. మొదట దగ్గర్ల ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌కి పోతే తట్టు అనంగనే మా దగ్గర వేరే రూం లేదు, పొద్దున రండి అన్నరు, కనీసం ముట్టుకోని చూడలే. నేను అక్కడనే ఏడ్చిన. అన్న ఒక్క నిమిషం ఆగకుండ పెద్ద దవాఖానకి తోలిండు. అక్కడ వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ 88 వచ్చింది. వెంటనే ముక్కుకి సన్న పైపుతో ఆక్సిజన్ పెట్టిన్రు. ఎక్స్‌రే తీసిన్రు, కుడి దిక్కు కింద తెల్లగ మచ్చ, నెమ్ము అని చెప్పిన్రు. చేతికి కాన్యులా, యాంటీబయాటిక్ సూది మందు మొదలైంది. ఒక క్యాప్సూల్ కోసి నోట్లె పిండిన్రు, విటమిన్ ఏ అంట, రేపు ఇంకోటి వేస్తరట. నెమ్ముకి విటమిన్ ఎందుకు? అడుగుదామంటే డాక్టర్ హడావుడిగ ఉండె

కోరంటి_సిస్టర్
బుధవారం, ఉదయం 8:40

అమ్మయ్య. రాత్రంతా ఫోన్ దిండు కింద పెట్టుకొని పన్న

విటమిన్ ఏ అనేది కండ్లకు, ఊపిరితిత్తుల లోపలి పొరకు కావాలె. తట్టు వస్తే ఒంట్ల ఉన్నదంతా ఊడ్చుకపోతది. అందుకే తట్టు వచ్చిన ప్రతి పిల్లకీ రెండు రోజులు వరుసగా ఇస్తరు, ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలల పిల్లకి లక్ష, ఆరు నెలల లోపైతే 50 వేలు. కంటి మీద తెల్లపొర లాంటిది కనిపిస్తే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మూడోది గూడ. నేను డ్యూటీల చేరిన కొత్తల తట్టు పిల్లలు వస్తే కండ్లు తెరవలేకపోయేటోళ్ళు, వాళ్ళల్ల కొందరికి చూపు పోయింది. ఆ ముఖాలు మర్చిపోలేను

మలక్‌పేట_మాష్టారు
బుధవారం, ఉదయం 9:15

ఇక్కడ మన ఊరి ముచ్చట ఒకటి. పిల్లలకి ఆర్నెల్లకోసారి వేసే విటమిన్ ఏ ద్రావణం దేశమంతా 1970లో మొదలైంది, దాని వెనక ఉన్న పరిశోధన మన తార్నాకలో ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళదే. మా బడి పిల్లల్ని ఒకసారి అక్కడి మ్యూజియంకి తీసుకెళ్ళాను, ఒక్కరికీ గుర్తుండదు, బయట తిన్న ఐస్‌ఫ్రూట్ గుర్తుంటుంది

నాగోలు_నాటుకోడి
బుధవారం, ఉదయం 9:31

విటమిన్ ఏ మంచిదైతే మెడికల్ షాప్‌ల కొని మా పిల్లలకి ముందే వేస్తే తట్టు రాదు కదా డాక్టర్ సాబ్? మా ఇద్దరికీ వేద్దామని

ఓపీ_అయిపోయాక
బుధవారం, మధ్యాహ్నం 2:20

వద్దు అన్నా! విటమిన్ ఏ తట్టును ఆపదు, వచ్చాక దెబ్బ తగ్గిస్తుంది. ఎక్కువైతే ఒంట్లో పేరుకుని లివర్ పాడవుతుంది, ఇందాక చెప్పిన టెక్సాస్‌లోనే తట్టు భయంతో ఇంట్లో విటమిన్ ఏ పోసిన పిల్లలు లివర్ దెబ్బతిని ఆస్పత్రికి వచ్చారు. మీ పిల్లల టీకాల కార్డు తీసి చూడండి, 9 నెలలకొకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, రెండు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసులు పడ్డాయా లేదా. అవి పడితే నూటికి 97 మందికి రక్షణ ఉంటుంది. అది చాలు.

ఇంకోటి. దగ్గు ఎక్కువైందని మెడికల్ షాపుల్లో యాంటీబయాటిక్ పౌడర్ కొని నీళ్ళు కలిపి పోస్తారు చాలామంది. మామూలు తట్టుకి యాంటీబయాటిక్ అవసరం లేదు, నెమ్ము, చెవిలో చీము లాంటివి వస్తేనే. సగం డోసు రెండు రోజులు పోసి జ్వరం తగ్గిందని ఆపేసి, అయిదో రోజు నా దగ్గరికి తెస్తే నాకు కనపడేది సగం చచ్చిన బాక్టీరియా, పూర్తిగా అలిసిపోయిన పిల్ల. దగ్గు సిరప్‌లు కూడా వద్దు, పిల్లని మత్తులో పడేసి డొక్కలు ఎగరేయడం కనపడకుండా చేస్తాయి

లాలాగూడ_లక్ష్మక్క
బుధవారం, సాయంత్రం 4:05

మా ఇంట్ల గూడ పెద్దోళ్ళు ఉన్నరు గాబట్టి అడుగుతున్నా, వేపాకు పెట్టొద్దా? తానం? తాలింపు? అన్నీ తప్పేనా? ఒక్కసారి చెప్తే నేను మా అమ్మతోని కొట్లాడకుండ మాట్లాడుకుంట

కోరంటి_సిస్టర్
బుధవారం, సాయంత్రం 4:30

లక్ష్మక్కా వేపమండలు గుమ్మానికి పెట్టుకో, ఎవ్వరికీ నష్టం లేదు, పైగా పక్కింటోళ్ళు పిల్లల్ని తీస్కొని లోపలికి రారు, అది మంచిదే కదా. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవచ్చు, రోజూ తుడవచ్చు, తొమ్మిదో దినం దాక ఆగే పని లేదు. తాలింపు వద్దంటే మానెయ్యి. నాకు కోపం వచ్చేది ఒక్కదాని మీదనే, తిండి ఆపుడు. గుడ్డు వద్దు, పప్పు వద్దు, నూనె వద్దు అని పదిదినాలు చారన్నం పెడితే ఊపిరి తీసుకునే బలం ఏడికెళ్ళి వస్తది పిల్లకి? తల్లిపాలు అసలే ఆపొద్దు, దగ్గితే ఎక్కువసార్లు కొంచెం కొంచెం పట్టాలె.

అమ్మతోని కొట్లాడకు. "అమ్మవారు పిల్లను చూస్తది, డాక్టర్ ఊపిరిని చూస్తడు" అని చెప్పు. నేను వార్డుల వందసార్లు ఇదే చెప్పి ఒప్పించిన, పని చేస్తది

యాప్రాల్_యశోద
బుధవారం, సాయంత్రం 5:12

నాకు భయంగా ఉంది. మా కింది ఫ్లాట్ బాబుకి తట్టు. మేము ఆదివారం రాత్రే ఊరి నుంచి వచ్చాం, సోమవారం మధ్యాహ్నం తెలీక నేను మా పాపని ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళా, అరగంట కూర్చున్నా. పాపకి ఏడు నెలలు, ఇంకా తొమ్మిది రాలేదు కాబట్టి ఆ టీకా పడలేదు. మా పాప వాణ్ణి ముట్టుకోలేదు, నా ఒళ్ళోనే ఉంది. అయినా వస్తుందా?

ఓపీ_అయిపోయాక
బుధవారం, సాయంత్రం 5:40

యశోద గారూ ఇది చదవగానే లేచి బయల్దేరండి. తట్టు ముట్టుకుంటేనే వచ్చేది కాదు, గాలిలో వస్తుంది, దగ్గిన మనిషి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గదిలో ఉండగలదు. రక్షణ లేని పదిమందిని అదే గదిలో పెడితే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. పొక్కులు రాకముందు నాలుగు రోజులు, వచ్చాక నాలుగు రోజులు అంటించే టైం.

కానీ మీకు టైం ఉంది. కలిసిన 72 గంటల లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు, ఆరు నెలలు దాటిన పాపకి వెయ్యొచ్చు. మీ 72 గంటలు రేపు మధ్యాహ్నంతో అయిపోతాయి. పాప డాక్టర్‌కి ఈ రాత్రే ఫోన్ చేసి కలిసిన టైంతో సహా చెప్పండి. టీకా కుదరకపోతే ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సూది ఇంకో దారి, అది వాళ్ళు నిర్ణయిస్తారు. ఇప్పుడు వేసింది లెక్కలోకి రాదు, తొమ్మిదో నెలది మామూలుగా మళ్ళీ వేయించాలి, ఇది గుర్తుంచుకోండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. మూడు వారాల పాటు పాపని పసిపిల్లలున్న చోటికి తీసుకెళ్ళకండి

డౌట్_రాజా
బుధవారం, రాత్రి 9:50

డాక్టర్ గారూ, నేను నిన్న రాసింది చదువుకుంటే నాకే సిగ్గుగా ఉంది, డిలీట్ చేద్దామనుకున్నా కానీ మీ జవాబుకి అర్థం ఉండదని ఉంచేశా. మా అబ్బాయికి రెండేళ్ళ మూడు నెలలు, మొదటిది పడింది, రెండోది వేయించలేదు, మొదటిదానికి జ్వరం వచ్చిందని మా ఆవిడా నేనూ భయపడ్డాం. ఇప్పుడు లేట్ అయిందా? ఇంకా వేస్తారా?

ఓపీ_అయిపోయాక
బుధవారం, రాత్రి 10:25

వేస్తారు రాజాగారూ. అయిదేళ్ళ లోపు ఎప్పుడొచ్చినా సర్కారు దవాఖానలో ఫ్రీగా వేస్తారు, మీ దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కి కార్డు పట్టుకెళ్ళండి. వారం పది రోజులకి కాస్త జ్వరం, సన్న దద్దుర్లు కొందరికి వస్తాయి, రెండు రోజుల్లో పోతాయి. డిలీట్ చెయ్యకండి, మీలాంటి అనుమానం ఉన్నవాళ్ళు పదిమంది చదివి ఊరుకుంటారు, అడగరు

పాత_సైకిల్
గురువారం, ఉదయం 5:55

బుజ్జమ్మా, బాబెట్లున్నడు?

బోడుప్పల్_బుజ్జమ్మ
గురువారం, మధ్యాహ్నం 1:15

జ్వరం 100కి దిగింది బాబాయ్. ఊపిరి లెక్కపెట్టిన, 46. ఆక్సిజన్ ఇంకా ఉంది గానీ తక్కువ చేసిన్రు. విటమిన్ ఏ రెండోది వేసిన్రు. పొద్దున నా వేలు పట్టుకొని కొరికిండు, మూడు దినాల సంది ఏమీ పట్టనోడు. అత్తమ్మ దవాఖాన బయట చెట్టు కింద కూసోని మొక్కుకుంటుంది, లోపలికి వచ్చి నర్సమ్మను అడిగి తను గూడ లెక్కపెట్టుడు నేర్చుకుంది. ఆమెకి అంకెలు ఇరవై దాకనే వస్తయ్. అందుకే ఇరవై కాంగనే ఒక చింతగింజ పక్కకు పెడతది, రెండు గింజలు దాటితే ఎక్కువ అన్నట్టు

కోరంటి_సిస్టర్
గురువారం, మధ్యాహ్నం 1:22

ఓ తల్లీ. 31 ఏండ్లల్ల నాకు ఈ ఉపాయం తట్టలే. చింతగింజలు! రెండు గింజలంటే 40, ఏడాది దాటిన పిల్లకి సరిగ్గ సరిపోయింది. 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లకైతే 50, అంటే రెండున్నర గింజలు, రెండు నెలల లోపు పసిగుడ్డుకి 60, మూడు గింజలు. మీ అత్తమ్మకి నా దండం చెప్పు

చింతచిగురు
గురువారం, సాయంత్రం 6:40

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. మా అత్తయ్యగారికి చూపించా ఈ పోస్టు, ఆవిడ "అదేం గొప్ప, మేము పాల లెక్క అలాగే వేసేవాళ్ళం" అన్నారు

యాప్రాల్_యశోద
గురువారం, రాత్రి 8:10

పాపకి పొద్దున 10 గంటలకి టీకా పడింది. కుడి చెయ్యి. డాక్టర్ గారూ థాంక్స్. కింది ఫ్లాట్ వాళ్ళని కూడా అడిగా, వాళ్ళ బాబుకి ఊపిరి 32, డొక్కలు బాగానే ఉన్నాయి, పాలు తాగుతున్నాడు. అయినా రేపు చూపించమని చెప్పా

బోడుప్పల్_బుజ్జమ్మ
సోమవారం, సాయంత్రం 7:20

ఇంటికి వచ్చినం. శుక్రవారం రాత్రి ఆక్సిజన్ తీసేసిన్రు. ఇంకొన్ని దినాలు నోటి మందు ఉంది, మధ్యల ఆపొద్దన్నరు. కండ్లు బాగనే ఉన్నయ్, మూడో విటమిన్ అవసరం లేదన్నరు. బరువు కిలో దాక తగ్గిండు, రోజూ ఒక గుడ్డు, పెసరపప్పు కిచిడీ, అంతా పెడుతున్న, అత్తమ్మనే తాలింపు వేసి పెట్టింది. ఒక డౌట్, తట్టు వచ్చి పోయింది కదా, ఇగ ఎంఆర్ టీకా అవసరమా?

ఓపీ_అయిపోయాక
సోమవారం, రాత్రి 9:05

అవసరమేనమ్మా. అందులో రుబెల్లా అనే ఇంకో జబ్బుకి కూడా మందు ఉంది, తట్టు వచ్చినంత మాత్రాన రుబెల్లాకి రక్షణ రాదు. పూర్తిగా కోలుకున్నాక వేయించండి. ఆ కార్డులో న్యూమోకోకల్ టీకా, పెంటావాలెంట్ డోసులు ఏమైనా మిగిలాయేమో కూడా చూడమనండి, నెమ్ము తెచ్చే బాక్టీరియాలో రెండింటికి అవే అడ్డు. వచ్చే కొన్ని నెలలు దగ్గు, విరేచనాలు వస్తే పెద్ద విషయం కాదులే అనుకోకుండా తొందరగా చూపించండి

బోడుప్పల్_బుజ్జమ్మ
సోమవారం, రాత్రి 9:11

సరే సార్. ఆశా అక్కకి నేనే ఫోన్ చేసిన ఈసారి. బుధవారం మా గల్లీల అంగన్‌వాడీ కాడ వేస్తరు, బాబుకి తగ్గినంక ఏ బుధవారం తేవాల్నో చెప్తా అన్నది

నాగోలు_నాటుకోడి
సోమవారం, రాత్రి 9:30

అక్కా కారు వెనక సీట్ల బాబు ఉన్ని టోపీ మర్చిపోయిన్రు. ఎరుపుది. ఆదివారం తెచ్చిస్తా. మా ఇద్దరి కార్డులు చూసిన, చిన్నోడిది రెండోది పడలే, మేం గూడ బుధవారమే పోతున్నం